బోర్డర్ కోలీ: పనితో పుట్టిన జాతి, పెంచేవారి బాధ్యత

ఇంగ్లండ్, స్కాట్లండ్ సరిహద్దు కొండల్లో గొర్రెల మందలను మళ్లించడానికి తయారైన కుక్క జాతి బోర్డర్ కోలీ. మధ్యస్థంగా ఉండే ఒళ్లు, ఎక్కువగా నలుపు తెలుపు కలిసిన బొచ్చు, నేలకు దగ్గరగా వంగి నడిచే నడక దీని ఆనవాళ్లు. బొచ్చు పొడుగ్గా ఉండవచ్చు, పొట్టిగా ఉండవచ్చు. చెవులు నిలబడవచ్చు, వాలవచ్చు. రంగు ఏదైనా కావచ్చు. మందను కదిలించే తీరు మాత్రం మారడానికి వీల్లేదు. మొరగకుండా, కరవకుండా, చూపుతోనే గొర్రెలను అదుపులో పెట్టగలిగితేనే కాపరుల లెక్కలో అది బోర్డర్ కోలీ. ఈ జాతిని ఏ సూత్రాల మీద వృద్ధి చేస్తున్నారు, ఏ జబ్బులు వంశంలో పాకాయి, వాటిని అరికట్టే మార్గాలేమిటి, తెలుగు నేలకు ఇందులో పనికొచ్చేదేముంది అన్నవి ఈ వ్యాస విషయాలు.

పుట్టుక

పంతొమ్మిదో శతాబ్దం దాకా బ్రిటన్ పల్లెల్లో కాపరి కుక్కకు జాతి పత్రం అంటూ లేదు. పక్క లోయలో మంచి పనిమంతమైన మగకుక్క ఉందని తెలిస్తే, ఎదకొచ్చిన ఆడకుక్కను అక్కడికి తోలుకుపోయేవారు. పుట్టిన పిల్లల్లో పనికొచ్చినవి మంద దగ్గర మిగిలేవి. ఎంపిక అంతా కొండ మీదే జరిగేది.

ఆ పనితనాన్ని నలుగురి ముందు తూచే పద్ధతి 1873లో మొదలైంది. ఆ ఏడాది అక్టోబరు 9న వేల్స్‌లోని బాలా పట్టణం దగ్గర గొర్రెల కాపరి కుక్కల పోటీ జరిగింది. వేల్స్‌లో స్థిరపడ్డ ఒక స్కాట్లండ్ కాపరి తెచ్చిన ట్వీడ్ అనే కుక్క గెలిచింది. ఇరవై ఏళ్లకు, 1893 సెప్టెంబరులో, నార్తంబర్లండ్‌లో ఆడమ్ టెల్ఫర్ అనే రైతు దగ్గర హెంప్ పుట్టింది. తరువాతి తరాలు దాన్ని ఓల్డ్ హెంప్ అన్నాయి. తండ్రి రాయ్‌ది నెమ్మది స్వభావం, దాని చూపులో పెద్ద బలం లేదు. తల్లి మెగ్‌కు చూపు మరీ ఎక్కువ, గొర్రెను చూస్తే బిగుసుకుపోయేంత. ఈ రెండు కొసలను కలిపి మధ్యస్థాన్ని రాబట్టాలన్నది టెల్ఫర్ ఆలోచన. హెంప్ సరిగ్గా ఆ మధ్యస్థమే అయింది. మౌనంగా పనిచేసేది, గొర్రెలు దానికి బెదరకుండా లొంగేవి. 1901 మేలో చనిపోయే నాటికి రెండు వందలకు పైగా పిల్లలకు తండ్రి అయింది. నేటి బోర్డర్ కోలీల వంశావళులన్నీ వెనక్కి పట్టుకుపోతే హెంప్ దగ్గరికే చేరతాయి.

టెల్ఫర్ చేసిన పనిలోనే బాధ్యత గల పెంపకందారు నేర్చుకోవాల్సిన మొదటి పాఠం ఉంది. తన కుక్కలో లోపం ఏమిటో ముందు నిజాయితీగా ఒప్పుకోవాలి. ఆ లోపాన్ని పూడ్చగల జతను వెతకాలి. ఇంట్లో ఆడది, పొరుగింట్లో మగది ఉన్నాయి కదా అని కలిపేసే పని కాదిది.

1906లో స్కాట్లండ్‌లోని హాడింగ్టన్‌లో అంతర్జాతీయ కాపరి కుక్కల సంఘం ఏర్పడింది. 1915లో దాని కార్యదర్శి జేమ్స్ రీడ్, ప్రదర్శనల్లో కనిపించే పొడుగు మూతి కోలీల నుంచి వేరుగా చూపడానికి, ఈ కుక్కలను బోర్డర్ కోలీ అని పిలిచాడు. సంఘం వంశావళి పుస్తకంలో ప్రతి కుక్కకూ ఒక సంఖ్య ఉంటుంది. ఓల్డ్ హెంప్ సంఖ్య 9, తరువాతి కాలంలో పేరుమోసిన విస్టన్ క్యాప్ అనే కుక్క సంఖ్య 31154. కాపరులు పేరుతో పాటు ఆ సంఖ్యను కూడా కంఠతా చెబుతారు, ఎందుకంటే క్యాప్ అనే పేరుగల కుక్కలు ఆ పుస్తకంలో ఎన్నో ఉన్నాయి.

చూపు, పరుగు, అదుపు

తోడేలు వేటలో ఒక వరుస ఉంది. గమనించడం, గురిపెట్టి చూడటం, పొంచి నడవడం, తరమడం, కరిచి పట్టడం, చంపడం. కాపరి కుక్కలో మనిషి చేసిన మార్పంతా ఈ వరుసలోనే. బోర్డర్ కోలీలో చూడటం, పొంచి నడవడం, తరమడం బాగా పెరిగాయి. కరవడం అణిగిపోయింది. మంద కాపలా కుక్కల్లో ఇందుకు విరుద్ధంగా ఈ వరుస మొత్తమే అణిగింది. అవి గొర్రెల మధ్య పడుకుని, బయటి నుంచి వచ్చే తోడేలు మీదికి లేస్తాయి. దక్కనులో కురుమ, గొల్ల కాపరుల వెంట తిరిగే కుక్కలది ఈ కాపలా పనే. రెండు పనులూ వేరు, రెండు పెంపకాలూ వేరు. ఒకదాని గుణాలను రెండోదాని కోసం కొనుక్కుంటే మందకూ నష్టం, కుక్కకూ కష్టం.

పైన చెప్పిన గుణాలు ఒకే జన్యువు మీద ఆధారపడవు. అందువల్ల రక్త పరీక్ష చేయించి ఇది మంచి పనికుక్క అని చెప్పే వీలు లేదు. పని చేయించి చూడాల్సిందే. ఇంగ్లండ్, స్కాట్లండ్, వేల్స్, ఐర్లండ్ జట్లు ఏటా తలపడే సుప్రీమ్ ఛాంపియన్‌షిప్ తుది పోటీ ఎలా సాగుతుందో చూస్తే ఈ మాట అర్థమవుతుంది. యజమాని ఒక గుంజ దగ్గర నిలబడి ఈల వేస్తాడు. కుక్క చాలా పెద్ద వంపు తిరుగుతూ ఏడు వందల మీటర్ల దూరం దాకా పరుగెత్తి పది గొర్రెల వెనక్కి చేరాలి. వంపు ఇరుకైతే గొర్రెలు ముందే బెదిరి చెదిరిపోతాయి. అక్కడ ఒక్క క్షణం ఆగి, మెల్లగా ఒక అడుగు వేయాలి. గొర్రెలు తలలెత్తి, కుక్కను చూసి, వెనుదిరిగి నడక మొదలుపెట్టాలి. పరుగు పెడితే మార్కులు పోతాయి. ఆ పదింటినీ మైదానం మధ్యకు తెచ్చి వదిలేసి, వెనక్కి తిరిగి, కంటికి కనిపించని మరో పదింటి కోసం ఇంకో దిక్కుకు పోవాలి. చేతిలో ఉన్న గొర్రెలను వదిలి, లేని గొర్రెల కోసం యజమాని మాట నమ్మి పోవడం అక్కడ అన్నిటికంటే కష్టమైన పరీక్ష. తరువాత ఇరవైనీ కలిపి తోలాలి. మెడకు ఎర్ర పట్టీ ఉన్న అయిదింటిని మిగతా పదిహేను నుంచి విడదీసి దొడ్డిలో పెట్టాలి. అన్నిటికీ అరగంట గడువు.

ఈ అరగంటలో కుక్క ధైర్యం, ఓపిక, దమ్ము, సొంత బుద్ధి, మాట వినే గుణం అన్నీ బయటపడతాయి. విత్తనానికి ఏ మగకుక్కను వాడాలో నిర్ణయించడానికి ఇంతకంటే మంచి చోటు లేదు. పోటీకి పోని కుక్కలు పనికిరానివని కాదు. ఏటవాలు కొండ మీద ఈనిన గొర్రెల మధ్య ఏళ్ల తరబడి పనిచేసి, ఏ పతకమూ లేని కుక్కలను పాత కాపరులు వెతికి మరీ విత్తనానికి అడుగుతారు. చూడాల్సింది పనిని, ఎక్కడ జరిగినా సరే.

అందాల పోటీలు

1976లో బ్రిటన్ కెన్నెల్ క్లబ్ బోర్డర్ కోలీని ప్రదర్శన జాతిగా గుర్తించింది. అమెరికన్ కెన్నెల్ క్లబ్ 1995లో ఆ పని చేసింది. అమెరికాలో పనికుక్కల యజమానులు దాన్ని గట్టిగా వ్యతిరేకించారు. అక్కడి అమెరికన్ బోర్డర్ కోలీ అసోసియేషన్ ఇప్పటికీ అందాల పోటీలో ఛాంపియన్ బిరుదు పొందిన కుక్కను తన వంశావళి పుస్తకం నుంచి తొలగిస్తుంది. కఠినమైన నియమం అనిపించవచ్చు. కారణం తెలిస్తే అలా అనిపించదు. రూపాన్ని చూసి ఎంచిన కొద్ది తరాల్లోనే బొచ్చు దట్టమవుతుంది, ఎముక బరువెక్కుతుంది, మంద మీద ఆసక్తి సన్నగిల్లుతుంది. పనిగుణాన్ని ఎవరూ చెడగొట్టనక్కర్లేదు, చూడటం మానేస్తే చాలు, అది పోతుంది. బ్రిటన్‌లో ఈ విషయంలో ఒక మధ్యేమార్గం ఉంది. ప్రదర్శనలో నెగ్గిన బోర్డర్ కోలీకి షో ఛాంపియన్ అనే బిరుదే ఇస్తారు. మంద దగ్గర పరీక్షలో కూడా నెగ్గితేనే పూర్తి ఛాంపియన్ బిరుదు.

జర్మన్ షెపర్డ్ కథ ఇంకా స్పష్టమైన హెచ్చరిక. తెలుగువాళ్లు అల్సేషియన్ అని పిలుచుకునే ఈ జాతి కూడా మొదట గొర్రెల కుక్కే. 1899లో కార్ల్స్‌రూహె ప్రదర్శనలో మాక్స్ ఫాన్ స్టెఫానిట్స్ అనే సైనికాధికారి ఒక కాపరి కుక్కను కొని, హోరాండ్ అని పేరు పెట్టి, దాన్నే జాతికి మూలంగా నమోదు చేశాడు. పనికొచ్చేదే అందమైనదని ఆయన పట్టుదల. ఆయన తరువాతి తరాల్లో ప్రదర్శన కుక్కల నడుము వెనక్కి వాలుతూ వచ్చింది. 2016లో బ్రిటన్ క్రఫ్ట్స్ ప్రదర్శనలో ఒక జర్మన్ షెపర్డ్ నడవలేక నడవడం టీవీలో చూసి జనం మండిపడ్డారు. అంతకు ముందే, 2008 ఆగస్టులో, శుద్ధజాతి కుక్కల ఆరోగ్యంపై బీబీసీ ఒక డాక్యుమెంటరీ ప్రసారం చేసింది. దాని తరువాతే తల్లీకొడుకులు, తండ్రీకూతుళ్లు, తోబుట్టువుల కలయికలో పుట్టిన పిల్లలను నమోదు చేయడం కెన్నెల్ క్లబ్ మానేసింది. శతాబ్దానికి పైగా కళ్ల ముందు జరిగిన దాన్ని ఆపడానికి ఒక టీవీ కార్యక్రమం కావాల్సి వచ్చింది.

వంశంలో పాకే జబ్బులు

బాధ్యతాయుతమైన పెంపకంలో అసలు శ్రమంతా ఇక్కడే ఉంది, ఈ ముప్ఫై ఏళ్లలో అసలు ప్రగతి కూడా ఇక్కడే జరిగింది.

కోలీ జాతుల కంటి లోపాన్ని తీసుకోండి. రెటీనా వెనుక రక్తనాళాలుండే పొర సరిగా ఎదగకపోవడం దీని మూలం. తేలికపాటి లోపమున్న కుక్క జీవితమంతా మామూలుగానే చూడగలదు. తీవ్రమైతే రెటీనా ఊడిపోయి గుడ్డిదవుతుంది. చిక్కేమిటంటే, తేలిక లోపమున్న తల్లిదండ్రులకు తీవ్ర లోపమున్న పిల్ల పుట్టవచ్చు. పిల్లకు అయిదు నుంచి ఎనిమిది వారాల వయసులో పశువైద్యుడు కంటిపాపను మందుతో విప్పార్చి చూస్తే లోపం కనబడుతుంది. ఆ తరువాత కంట్లో రంగు ముదిరి ఆ లోపాన్ని కప్పేస్తుంది. పెద్దయ్యాక పరీక్షిస్తే కన్ను బాగుందని తేలుతుంది, జన్యువు మాత్రం అలాగే ఉంటుంది. ఇలా ఎన్నో కుక్కలు నిర్దోషులుగా విత్తనానికి వెళ్లాయి. 2007లో శాస్త్రజ్ఞులు దీని మూలాన్ని పట్టుకున్నారు. ఎన్‌హెచ్‌ఈజే1 అనే జన్యువులో దాదాపు 7,800 అక్షరాల ముక్క ఎగిరిపోవడమే కారణం. ఇప్పుడు చెంప లోపలి నుంచి దూదిపుల్లతో తీసిన నమూనా చాలు, ఏ వయసులోనైనా నిజం తెలుస్తుంది.

ఇది అంతర్గత లక్షణం. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండు ప్రతులూ చెడ్డవైతేనే జబ్బు. ఒకటే చెడ్డదైతే కుక్క పూర్తి ఆరోగ్యంగా ఉంటుంది, కాని వాహకమవుతుంది. రెండు వాహకాలను కలిపితే సగటున నాలుగింట ఒక పిల్లకు జబ్బు. వాహకాన్ని నిర్దోషితో కలిపితే ఒక్క పిల్లకూ జబ్బు రాదు, సగం పిల్లలు వాహకాలవుతాయి. ఈ చిన్న లెక్క తెలియక రెండు రకాల పొరపాట్లు జరుగుతుంటాయి. పరీక్ష చేయించకుండా గుడ్డిగా కలపడం ఒకటి. వాహకమని తేలగానే మంచి కుక్కను విత్తనానికి పనికిరాదని తీసిపారేయడం రెండోది. రెండోది జాగ్రత్తలా కనిపిస్తుంది గాని, అలా వాహకాలన్నిటినీ ఏరేస్తూ పోతే వాటితో పాటు ఎన్నో మంచి జన్యువులు పోయి జాతి ఇరుకవుతుంది, ఇంకేదో తెలియని జబ్బు తలెత్తుతుంది. నిర్దోషితో జతకట్టించి, పుట్టిన పిల్లలను పరీక్షించి, వాటిలో నిర్దోషిని ముందుకు తీసుకెళ్లడం సరైన దారి.

ఆస్ట్రేలియా, న్యూజీలండ్ బోర్డర్ కోలీల్లో మరో రెండు జబ్బులు ఎక్కువ దుఃఖం తెచ్చాయి. ఒకటి సీఎల్. మెదడు కణాల్లో వ్యర్థం పేరుకుపోయే జబ్బు ఇది. ఏడాది దాటాక మొదలవుతుంది. అప్పటిదాకా చలాకీగా ఉన్న కుక్క గడప దాటడానికి భయపడుతుంది, అడుగు తడబడుతుంది, చూపు పోతుంది, మూడేళ్లు నిండటం అరుదు. రెండోది టీఎన్‌ఎస్. ఎముక మజ్జలో తెల్లకణాలు తయారవుతాయి గాని రక్తంలోకి రాలేవు. అందుకే చిన్న సూక్ష్మజీవిని కూడా ఎదుర్కోలేక పిల్ల నెలల్లోనే చనిపోతుంది. సీఎల్‌కు కారణమైన సీఎల్‌ఎన్5 జన్యు లోపాన్ని 2005లో గుర్తించారు. సిడ్నీలోని న్యూ సౌత్ వేల్స్ విశ్వవిద్యాలయ పరిశోధకుల కృషితో ఈ రెండింటికీ జన్యు పరీక్షలు వచ్చాయి. నేడు ఈ జబ్బులతో ఒక పిల్ల పుట్టిందంటే అది విధి అనడానికి వీల్లేదు, పరీక్ష చేయించని మనిషి చేసిన పని.

రంగు వ్యామోహం గురించి కూడా చెప్పాలి. బూడిద నీలంలో నల్లమచ్చలుండే మెర్ల్ రంగుకు బజారులో గిరాకీ ఎక్కువ. ఈ రంగు జన్యువు ఒక ప్రతి ఉంటే మచ్చల బొచ్చు వస్తుంది. రెండు మెర్ల్ కుక్కలను కలిపితే నాలుగింట ఒక పిల్లకు రెండు ప్రతులు వచ్చి, ఒళ్లంతా తెల్లబడి, చెవుడు, గుడ్డితనం రెండూ వచ్చే ప్రమాదం ఉంది. ఈ లోపాన్ని తప్పించడానికి శాస్త్రం కూడా అక్కర్లేదు, రెండు మెర్ల్‌లను కలపకుండా ఉంటే చాలు. తెలిసీ కలిపేవారిని పెంపకందారులు అనకూడదు.

జన్యు పరీక్షకు లొంగనివీ ఉన్నాయి. తుంటి కీలు వదులు కావడంలో ఎన్నో జన్యువులు, తిండి, పెరుగుదల కలిసి ఉంటాయి. దానికి ఎక్స్‌రేనే గతి. 1966లో అమెరికాలో మొదలైన ఓఎఫ్‌ఏ సంస్థ రెండేళ్లు నిండాకే తుది తీర్పు ఇస్తుంది. మూర్ఛ ఇంకా కష్టం. బోర్డర్ కోలీల్లో అది తీవ్రంగా, చాలాసార్లు మందులకు లొంగకుండా వస్తుంది. నమ్మదగిన జన్యు పరీక్ష లేదు. తొలి మూర్ఛ మూడు నాలుగేళ్లకు కూడా రావచ్చు. అందువల్లే వయసు ముదిరి, ఆరోగ్యంగా నిలిచి, పని రుజువు చేసుకున్న మగకుక్కను విత్తనానికి ఎంచడం మేలు. ఏడాదిన్నర కుర్రకుక్కకు పతకం రాగానే పది ఆడకుక్కలు క్యూ కడితే, దానికి నాలుగో ఏట మూర్ఛ వచ్చేసరికి మనవలు కూడా పుట్టి ఉంటాయి.

ఒక్క మగకుక్క వెంట అందరూ

విస్టన్ క్యాప్ 1963లో పుట్టి, 1965లో రెండేళ్లకే సుప్రీమ్ ఛాంపియన్ అయింది. జాక్ రిచర్డ్‌సన్ అనే స్కాట్లండ్ కాపరి దాన్ని నడిపాడు. పోటీల్లో దాని తీరు చూసిన వారంతా తమ ఆడకుక్కలకు అదే కావాలన్నారు. దాని కొడుకులు, మనవలు కూడా ఛాంపియన్లయ్యారు. అంతర్జాతీయ సంఘం చిహ్నంలో కనిపించే కుక్క అదే. విస్టన్ క్యాప్ నిజంగా గొప్ప కుక్క, ఆ విషయంలో రెండో మాట లేదు. దాని వంశావళిలోనే జె.ఎమ్. విల్సన్ అనే ఆయన కుక్క క్యాప్ 3036 పలుమార్లు కనబడుతుంది. అలాంటి కుక్క రక్తం దేశమంతా పాకాక, కొన్ని తరాలకు ఏ రెండు కుక్కలను కలిపినా రెండు వైపులా అదే తాత తగులుతాడు.

ఈ ఇరుకును కొలిచే సూత్రాన్ని 1922లో అమెరికా శాస్త్రజ్ఞుడు స్యూవల్ రైట్ ఇచ్చాడు. తండ్రీకూతుళ్ల కలయికలో పుట్టిన పిల్లకు ఆ కొలత 25 శాతం. ఒకే తండ్రి, వేర్వేరు తల్లుల పిల్లలను కలిపితే 12.5 శాతం. మేనమామ, మేనకోడళ్ల పెళ్లిలో పుట్టే బిడ్డకూ ఇంతే. మేనత్త కొడుకు, మేనమామ కూతురు చేసుకుంటే 6.25 శాతం. మేనరికాల సాధకబాధకాలు తెలిసిన తెలుగువారికి ఈ అంకెల అర్థం విడమరిచి చెప్పనక్కర్లేదు. పెంపకందారు రెండు తరాలు చూసి ఊరుకోకూడదు. కనీసం అయిదారు, వీలైతే పది తరాల వంశావళి మీద లెక్క కట్టాలి. నేడు కంప్యూటరు ఆ పని నిమిషంలో చేస్తుంది.

ఇరుకు పెరగకుండా కాపరుల సంఘం తలుపు కొంచెం తెరిచే ఉంచింది. వంశావళి పత్రం లేని కుక్క అయినా మంద దగ్గర అసాధారణంగా పనిచేస్తే, పరీక్షకుల ముందు నిరూపించుకుని, ఆరోగ్య పరీక్షల్లో నెగ్గితే, ప్రతిభ ఆధారంగా నమోదు చేసుకుంటారు. మూసిన పుస్తకాన్ని పవిత్రంగా భావించే చాలా జాతి సంఘాలకు ఈ వెసులుబాటు లేదు. శుద్ధజాతి అన్న మాటను ఆ కాపరులు రక్తం కంటే పని వైపు నుంచి అర్థం చేసుకున్నారు, అదే వారి జాతిని కాపాడింది.

తల్లి, పిల్లలు

జత నిర్ణయమయ్యాక పని తేలికని కాదు. ఆడకుక్కను మొదటి రెండు ఎదలు వదిలేసి, రెండేళ్లు నిండాక, ఎక్స్‌రే, జన్యు పరీక్షల నివేదికలు చేతికొచ్చాక జతకట్టించాలి. జతకు ముందు రెండింటికీ బ్రూసెల్లా పరీక్ష తప్పనిసరి. ఆ సూక్ష్మజీవి గర్భాలను పోగొడుతుంది, మనుషులకూ సోకుతుంది. సుమారు 63 రోజులకు ఈనుతుంది, ఒక కాన్పుకు ఆరు పిల్లలు మామూలు. పది నుంచి పద్నాలుగు రోజులకు కళ్లు తెరుస్తాయి. మూడో వారం నుంచి పన్నెండో వారం దాకా కుక్కపిల్ల మనసు తెరిచి ఉండే కాలమని స్కాట్, ఫుల్లర్ అనే శాస్త్రజ్ఞులు 1965లో ప్రచురించిన పుస్తకంలో చూపారు. ఆ వారాల్లో పిల్లలను చీకటి గదిలో బంధిస్తే జీవితాంతం బెదురు పోదు. మనుషుల చేతులు, వాహనాల చప్పుడు, మెట్లు, మట్టి, పచ్చిక అన్నీ తగలాలి. వీలుంటే దూరం నుంచి గొర్రెలు కూడా.

మంచి పెంపకందారు కొనుగోలుదారుకు వేసే ప్రశ్నలు ఎక్కువగా ఉంటాయి. ఇంట్లో ఎవరుంటారు, రోజూ ఎంతసేపు తిప్పుతారు, ఊరెళ్తే ఎవరు చూస్తారు అని అడుగుతాడు. మంద లేని ఇంట్లో ఈ కుక్క సైకిళ్లను, కార్లను, పరుగెత్తే పిల్లలను మందగా భావించి చుట్టుముడుతుంది. అది దాని తప్పు కాదు, తరతరాలుగా మనం దానిలో పెంచిన గుణం. అందుకే ఏ వయసులోనైనా పెంచలేకపోతే తిరిగి నాకే ఇవ్వండి అని కాగితం మీద రాసిచ్చేవాడు నిజమైన బాధ్యత గలవాడు. తన చేతుల మీదుగా పుట్టిన కుక్క వీధిన పడకూడదన్న పట్టుదల ఉన్నవాడే ఏడాదికి ఒక కాన్పు చాలనుకుంటాడు.

తెలుగు నేల మీద

భారతదేశంలో 2017లో కుక్కల పెంపకం, అమ్మకాల నియమాలు వచ్చాయి. జంతు హింస నివారణ చట్టం కింద వచ్చిన ఈ నియమాల ప్రకారం పెంపకందారు రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డులో నమోదు చేసుకోవాలి. పద్దెనిమిది నెలలు నిండని ఆడకుక్కను జతకట్టించకూడదు. ఏడాదికి ఒక కాన్పు మించకూడదు, జీవితంలో అయిదు మించకూడదు. ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదు. నియమాలు బాగున్నాయి. ఫోన్‌లో ఫొటోలు చూపి, తల్లిని చూపకుండా, కారు డిక్కీ దగ్గర పిల్లను చేతిలో పెట్టే బేరాలు మాత్రం హైదరాబాద్, విజయవాడ, విశాఖల్లో ఆగలేదు. కొనేవారు ఆగితేనే అవి ఆగుతాయి.

కోలీ జాతుల విషయంలో మన వాళ్లు తప్పక తెలుసుకోవాల్సిన ఇంకో మాట ఉంది. గజ్జికి, పేలకు, కడుపులో పురుగులకు మన పల్లెల్లో గొర్రెలకు, పశువులకు విరివిగా వాడే మందు ఐవర్‌మెక్టిన్. 2001లో వాషింగ్టన్ స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు కోలీల్లో ఎండీఆర్1 అనే జన్యు లోపాన్ని కనుగొన్నారు. ఈ లోపమున్న కుక్కలో మందును మెదడులోకి పోకుండా ఆపే కాపలా ఉండదు. గజ్జికి ఇచ్చే మోతాదు పడితే తూలి, కోమాలోకి పోయి చనిపోవచ్చు. పొడుగు బొచ్చు రఫ్ కోలీల్లో, ఆస్ట్రేలియన్ షెపర్డ్‌లలో ఈ లోపం చాలా ఎక్కువ. బోర్డర్ కోలీల్లో తక్కువ, కాని లేకపోలేదు. పశువుల కోసం తెచ్చిన సీసాలోంచి కొంచెం కుక్కకు కూడా అంటూ వేసేవారు ఒక్కసారి ఆగాలి. విత్తనపు కుక్కలకు ఈ పరీక్ష ముందే చేయించి ఉంటే పిల్లను కొనేవారికి ఆ భయమే ఉండదు.

మంద తోలే కుక్క మనకు బొత్తిగా లేనిదేమీ కాదు. కోస్తా ఆంధ్రలో, ముఖ్యంగా కొల్లేటి చుట్టుపక్కల, జోనంగి జాగిలం బాతుల మందలను తోలేది. పొట్టి బొచ్చు, ముడతల ముఖం, మామూలు మొరుగుడుకు భిన్నంగా సాగదీసిన గొంతు దాని గుర్తులు. కొల్లేటిలో చేపల చెరువులు పెరిగి బాతుల పెంపకం తగ్గేసరికి ఆ కుక్క పని పోయింది, పనితో పాటు దాన్ని సాకే ఇళ్లూ తగ్గాయి. పని పోయిన కాపరి జాతికి ఏమవుతుందో చూడటానికి స్కాట్లండ్ దాకా పోనక్కర్లేదు. ఇంకా జోనంగిని సాకుతున్నవారు చేయాల్సిన పని పెద్ద ఖర్చుతో కూడింది కాదు. ఏ కుక్కకు తల్లి ఎవరు, తండ్రి ఎవరు, ఏ ఊరిది, ఎన్నేళ్లు బతికింది, ఏ జబ్బు చేసింది, బాతుల వెనుక ఎలా నడిచింది అని ఒక పుస్తకంలో రాసిపెట్టాలి. రెండు ఊళ్ల కుక్కలను కలిపే ముందు ఆ పుస్తకం చూడాలి. పశువైద్య కళాశాలలు ఆ రాతలను ఒక్కచోట చేర్చాలి. ఆ కుక్కలను, వాటి పనిని ఎరిగిన పెద్దవాళ్లు ఉండగానే ఈ పని మొదలుపెట్టాలి.